చిటికెన వేలంత సందు

మా మనవరాలు మొన్న ఆదివారం మా ఇంట్లో కూచుని, నా స్కేలుని పట్టుకుని అబద్ధాలకోరు అనేసింది.

అది తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల స్కూల్లో రోబోలు చేసే క్లబ్బు ఒకటుందట, దానికి అట్టపెట్టె కొలిచి చేసుకెళ్లాలట. కోహ్కాలో మా ఇంటికొస్తే నా బీరువా సొరుగులన్నీ తిరగేయకుండా దానికి తోచదు. అలా తిరగేస్తుంటే అడుగున పాత గుడ్డలో చుట్టిపెట్టిన స్కేలు దొరికింది. పెట్టెని తన ప్లాస్టిక్ స్కేలుతో కొలిచింది, మూతని నా స్కేలుతో కొలిచింది. తీరా మూత పెడితే వదులైంది. రెండు స్కేళ్లూ పక్కపక్కన పెట్టి చూసి కేకలు మొదలెట్టింది.

"నానీ, యే స్కేల్ తో గలత్ హై! ముప్పై అని రాసుంది, ముప్పై కంటే ఎక్కువుంది. ఫేక్ స్కేల్. పడెయ్ దీన్ని."

పడెయ్ అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఇంకే వస్తువునేమన్నా ఊరుకుంటాను కానీ ఆ స్కేలు జోలికొస్తే మాత్రం ఊరుకోను. "ఈ ఊళ్లో ఉన్న స్కేళ్లన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. కూచో, చెప్తాను" అన్నాను. దానికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను.

మాది హిందీ వాళ్ల ప్రాంతంలో ఉక్కు ప్లాంటు చుట్టూ వెలిసిన ఊరు. మా రోజుల్లో శనివారం సగం బడే. మొదటి మూడు పీరియడ్లు పాఠాలు, ఆ తర్వాత క్లబ్బులు. నాటకం, పాట, సైన్సు, డిబేటు, ఆటలు, స్కౌట్లు, వర్క్‌షాపు, మొత్తం ఏడు. గంట కొట్టగానే వరండాలన్నీ కలగాపులగం అయ్యేవి. పాటల గదిలోంచి హార్మోనియం, దాని మీద డిబేటు వాళ్ల అరుపులు, మైదానంలో స్కౌట్ల ఈలలు. చివరాఖర్న రేకుల షెడ్డులో మా వర్క్‌షాపు క్లబ్బు. అక్కడ రంపపు పొట్టు వాసన, కుంపటి మీద ఉడికే సరేసు జిగురు వాసన. ఆ జిగురు కంపు కొడుతుందని పాటల క్లబ్బు అమ్మాయిలు ముక్కు మూసుకుని వెళ్లేవాళ్లు. నాకేమో ఆకలేసేది. గాలి ప్లాంటు వైపు నుంచి తిరిగితే ఈ వాసనలన్నిటి మీదా బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల ఘాటు వచ్చి కూచునేది, తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కాల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

శనివారం డబ్బాలు మార్చుకోవడం మా ఆనవాయితీ. అమ్మ నాకు దిబ్బరొట్టి, బెల్లం ఆవకాయ పెట్టేది. మా క్లబ్బులో ఫోర్‌మన్ గారబ్బాయి ఒకడుండేవాడు, పొడుగ్గా, మెడ ఎప్పుడూ పైకెత్తి. వాడు పోహా, జిలేబీలు తెచ్చేవాడు. ఒక ఆవకాయ ముక్కకి రెండు జిలేబీలు. ఆ బేరంలో నేనెప్పుడూ నష్టపోలేదు.

వర్క్‌షాపు క్లబ్బుని నడిపేది డ్రాయింగ్ మాస్టారు. ఆయనది ఇక్కడి పక్క పల్లెటూరే, సన్నగా, జేబునిండా సుద్దముక్కలతో ఉండేవారు. అందరం మాస్టర్‌జీ అనేవాళ్లం. ఏడాదిలో మొదటి శనివారం ఆయన ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి "తేరే పితాజీ కౌన్సే షాప్ మే హై?" అని, అంటే మీ నాన్న ప్లాంటులో ఏ విభాగంలో పనిచేస్తాడని, అడిగి పుస్తకంలో రాసుకునేవారు. ఏ పనికి ఎవరి నాన్నని సలహా అడగాలో తెలియడానికి ఆ ఏర్పాటు. పిల్లలకి మాత్రం అది ఇంటిపేరుతో సమానం. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ అన్నవాడు కూచునేటప్పుడు బెంచీ కూడా జరిగి చోటిచ్చేది. రైల్ మిల్లు అంటే కాస్త తక్కువ మర్యాద. అంతకు ముందు సంవత్సరం ఒకడు పాపం నిజాయితీగా క్యాంటీన్ అన్నాడు. ఏడాదంతా వాణ్ని సమోసా అని పిలిచారు.

మా నాన్న పాటర్న్ షాపులో పనిచేసేవాడు. విజయనగరం పక్కనుంచి వచ్చిన వడ్రంగి. ప్లాంటులో ఏ ఇనుప భాగం పోత పొయ్యాలన్నా ముందు అదే ఆకారంలో చెక్కతో ఒక నమూనా చేస్తారు. దాన్ని ఇసకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేసేది మా నాన్న. ఇప్పుడు చెప్తుంటే ఛాతీ పొంగుతోంది కానీ, అప్పుడు నాకు పదమూడేళ్లు. ఊరంతా నిప్పుతో పనిచేస్తుంటే మా నాన్న చెక్క పని చేస్తాడని చెప్పడానికి నాకు నామోషీ. మిగతా పిల్లల నాన్నల చొక్కాలకి నిప్పురవ్వలు పడి బొక్కలుండేవి. మా నాన్న చొక్కా దులిపితే పొట్టు రాలేది. ఒకసారి అగరొత్తి అంటించి నేనే ఆయన చొక్కా భుజం మీద ఒక బొక్క పెట్టాను. అమ్మ దాన్ని ఎలక కొట్టిందనుకుని, ఎలకల వంశాన్నంతా తిట్టుకుంటూ మాసిక వేసింది.

ఆ మొదటి శనివారం నా వంతు వచ్చింది. ఆ క్లబ్బులో నేనొక్కదాన్నే ఆడపిల్లని, అందరి కళ్లూ నా మీదే. లేచి నిలబడి "బ్లాస్ట్ ఫర్నేస్" అన్నాను.

మాస్టర్‌జీ రాసుకున్నారు. ఫోర్‌మన్ గారబ్బాయి వెనక్కి తిరిగి "కౌన్సా నంబర్?" అన్నాడు.

"తీన్" అనేశాను, మూడోదని. వాళ్ల నాన్నది రెండో నంబరు కాబట్టి బతికిపోయాను. ఆరోజు నుంచీ ఎవరు చెక్క అన్నా సరే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది నా పని.

ఆ ఏడు బడికి కొత్త స్టేజీ కట్టారు. దాని ముందు గోడలో మీటరు పొడవున ఒక గూడు వదిలారు. ప్రిన్సిపాల్ మా షెడ్డుకొచ్చి, "ఇది స్టీల్ టౌన్ బడి. ఏడు క్లబ్బుల గుర్తులతో ఒక ఇనుప పలక పోయించి ఆ గూట్లో పెట్టండి. వార్షికోత్సవానికి సిద్ధం కావాలి" అన్నారు. మాకు ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. ఫోర్‌మన్ గారబ్బాయికి హథ్‌ఖోజ్‌లో చిన్న పోత కొలిమి నడిపే మామయ్య ఉన్నాడు. చెక్క నమూనా చేసిస్తే చాలు, పోసిపెడతానన్నాడు.

మా క్లాసు ఫస్టు కుర్రాడు స్టీలు టేపుతో గూటిని మూడుసార్లు కొలిచాడు. సరిగ్గా మీటరు. సరిగ్గా మీటరుకే చెక్క కోశారు. ముసుగు, హార్మోనియం, దీపం, మైకు, బంతి, గుడారం, సుత్తి, ఏడు గుర్తులూ చెక్కి అంటించారు. సుత్తి మాది.

అక్కడ జరుగుతున్న తప్పు ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు.

ఇనుము కరిగినప్పుడు ఉబ్బి ఉంటుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే నమూనా ఎప్పుడూ కాస్త పెద్దదిగా చెయ్యాలి. ఆ కాస్త ఎంతో లెక్క కట్టే పని లేకుండా, పాటర్న్ షాపు వాళ్ల దగ్గర వేరే స్కేలు ఉంటుంది. కాంట్రాక్షన్ స్కేలు అంటారు. దాని మీది ప్రతి సెంటీమీటరూ మామూలు దానికంటే వెంట్రుకవాసి పెద్దది. మా నాన్న సొంతానికి ఒకటి కొనుక్కుని ఇంట్లో ఉంచుకున్నాడు. తలుపు చెక్కకి నన్నానించి దాంతో నా ఎత్తు కొలిచి, "ఇది ఉడుకు మీదున్న కొలత తల్లీ, సల్లారితే ఇంకా పొట్టిదానివైపోతావు" అని ఏడిపించేవాడు. బొడ్డూడని నాటి నుంచీ విన్న సంగతి అది.

ఆ షెడ్డులో ఉన్నవాళ్లందరి నాన్నలూ ఇనుముతో పనిచేసేవాళ్లే, అందుకే ఇనుము గురించి అన్నీ తెలుసనుకున్నారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేను నోరు తెరిచాను. చెప్తే, నీకెలా తెలుసని అడుగుతారు. అడిగితే పాటర్న్ షాపు బయటపడుతుంది, చెక్క బయటపడుతుంది, మూడో నంబరు ఫర్నేసు అబద్ధం బయటపడుతుంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టు నిలబడి, తెరిచిన నోరు మూసేశాను.

వార్షికోత్సవం ఇంకో రెండు వారాలుందనగా, ఒక గురువారం పలక రిక్షాలో వచ్చింది. బడంతా మూగింది. నలుగురు మోసుకొచ్చి గూట్లో పెట్టారు. ఒక చివరికి జరిపితే రెండో చివర చిటికెన వేలంత సందు. పైన కూడా వెలుతురు కనబడుతోంది.

"ఫర్నేసోళ్ల పిల్లలు, ఇనుము కొలవడం రాదు!" అని నాటకం క్లబ్బు వాళ్లు నవ్వారు. ఫోర్‌మన్ గారబ్బాయి మెడ మొదటిసారి కిందికి దిగింది. ఆ కొలిమిలో పోత పోసే మిస్త్రీని అడిగితే, "నాకిచ్చింది నేను పోశాను. ఇనుము ముడుచుకునే లెక్క చూసుకోవడం నమూనా చేసినోడి పని" అన్నాడట. ప్రిన్సిపాల్ పలకని చూసి, "సందులో సిమెంటు పూసెయ్యండి" అన్నారు. ఆ తర్వాత మెల్లిగా, వచ్చే ఏడు నుంచి ఆ షెడ్డుని గుడారాలు దాచుకోవడానికి స్కౌట్లకి ఇచ్చేద్దామని కూడా అన్నారు.

ఆ షెడ్డు కోసం మాస్టర్‌జీ ఎన్నేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగారో మాకు తెలుసు. ఆయన కోప్పడలేదు. మమ్మల్ని వరసగా చూస్తూ, "తుమ్ మే సే కిసీకో నహీ పతా థా?" అని మాత్రం అడిగారు. మీలో ఒక్కళ్లకీ తెలీదా అని. నేను నేల చూశాను. నా జన్మలో అంత సిగ్గుపడింది మళ్లీ లేదు.

ఇంటికెళ్లాక అన్నం కెలుకుతూ కూచున్నాను. 

"ఏటే, కంచంలో ముగ్గులేస్తన్నావు? సారు సల్లారిపోతంది" అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూ పలక సంగతి చెప్పాను. నాన్న అప్పుడే పని నుంచి వచ్చి పీట మీద కూచున్నాడు. ముందు ఆయన అడిగింది ఒక్కటే.

"ఎంత తగ్గినాది?"

"చిటికెన వేలంత."

"పోత ఇనుము గదా. మీటరుకి సెంటీమీటరు. తగ్గకేటవుతాది?" అని తలూపి, అంతలో ఆగాడు. "నీకు తెలుసు గదా తల్లీ. మరి సెప్పనేదేటి?"

ఇక దాచడానికి ఏముంది. మొదటి శనివారం నేనన్న మాట చెప్పాను. ఫర్నేసు, మూడో నంబరు, అన్నీ. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఓలమ్మోలమ్మ! కన్న తండ్రి పని సెప్పుకోడానికి నామోషీయా నీకు? ఈ కంచంలో అన్నం ఆ సెక్క ముక్కలే గదే పెడతన్నాయి!" అని విరుచుకుపడింది.

నాన్న చెయ్యెత్తి ఆపాడు. కంచం పక్కకి జరిపాడు. చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ సొక్కాకి బొక్క నువ్వే పెట్టినావా?"

తలూపాను. 

"ఎలక కాదన్నమాట" అంది అమ్మ, గరిటె దించుతూ.

నాన్న నవ్వలేదు. ఆయన కళ్లు తడిశాయని నేను చూడకూడదని కాబోలు, లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆ స్కేలు తీసి గుడ్డతో తుడుస్తూ చెప్పాడు. "శనివారం సెలవు పెట్టి మీ బడికొస్తాను. పలక సంగతి నేను సూసుకుంటాను. ఒక్క పని మాత్రం నీది. నేనెవరో, ఏం పని సేస్తానో అక్కడ నువ్వే సెప్పాల."

శనివారం షెడ్డు గుమ్మంలో నాన్న నిలబడ్డాడు. చేతిలో పనిముట్ల పెట్టె, ఒంటి మీద ఇస్త్రీ చేసిన చొక్కా. భుజం మీద మాసిక. ఉన్న నాలుగు చొక్కాల్లో అదే ఎందుకు వేసుకొచ్చాడో నాకు తెలుసు.

నేను లేచి నిలబడ్డాను. "యే మేరే పితాజీ హై" అన్నాను. "ఫర్నేస్ మే నహీ. పాటర్న్ షాప్ మే హై. లకడీ కా కామ్ కర్తే హై. మైనే ఝూఠ్ బోలా థా."

మా నాన్నది ఫర్నేసు కాదు, చెక్క పని, నేను అబద్ధం చెప్పానన్న మాటకి ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టర్‌జీ మాత్రం తన కుర్చీ తెచ్చి నాన్న ముందు వేశారు. నాన్న కూచోలేదు. స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. ఫస్టు కుర్రాడు తన స్కేలు దాని పక్కన పెట్టి చూసి, "యే తో గలత్ హై!" అన్నాడు. అచ్చం మా మనవరాలి మాటే.

మా నాన్న హిందీ వింటే హిందీకే జాలేసేది. అయినా ఆరోజు ఆయన చెప్పిన వాక్యం ఒక్కటీ మర్చిపోలేదు నేను. "గలత్ నహీ బాబూ. తుమారా స్కేల్ ఠండా లోహా కా. మేరా స్కేల్ గరమ్ లోహా కా." మీది చల్లారిన ఇనుముకి, నాది కాలే ఇనుముకి. ఫోర్‌మన్ గారబ్బాయి ముందుకొచ్చి స్కేలుని రెండు చేతులతో అందుకుని, గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

నమూనా మళ్లీ మొదలైంది. నాన్న ఒక్క చెక్క కూడా తను కొయ్యలేదు, మా చేత కోయించాడు. కొలిచి గీసే పని నాకిచ్చాడు. ఇసకలోంచి నమూనా తేలిగ్గా ఊడి రావడానికి అంచులు కాస్త వాలుగా ఎలా చెయ్యాలో చూపించాడు. సుత్తి గుర్తు చెక్కే వేళకి ఫోర్‌మన్ గారబ్బాయి అడ్డం పడ్డాడు. మన గుర్తు ఇక సుత్తి కాదు, ఈ స్కేలేనన్నాడు. వాడే కూచుని చెక్కాడు. గీతలు అంత సన్నగా చెక్కడం రాక నాలుగైదు లావు గీతలతో సరిపెట్టాడు. తర్వాత చూసినవాళ్లంతా వర్క్‌షాపు క్లబ్బుకి దువ్వెన గుర్తేమిటని అడిగేవారు.

వారం తిరిగాక వచ్చిన ఆదివారం పొద్దున్నే హథ్‌ఖోజ్ వెళ్లాం. కొలిమి దగ్గర ఇసకలో మొలాసిస్ అనే చెరకు మడ్డి కలిపి అచ్చులు కడతారు, అది కాలుతుంటే మా ఊళ్లో బెల్లం పాకం పట్టినట్టు కమ్మటి వాసన. మిస్త్రీ నమూనాని తిప్పి చూశాడు. అంచు వాలుని బొటనవేలితో రాసి చూశాడు. తలెత్తి మా నాన్నని చూసి, "ఉస్తాద్ ఆప్ హై?" అన్నాడు, దీన్ని చేసిన పనిమంతుడు మీరేనా అని. నాన్న మా అందరి వైపూ చెయ్యి చూపించి, "యే బచ్చే లోగ్" అన్నాడు, ఈ పిల్లలేనని.

ఎర్రటి ఇనుము ఇసకలోకి జారింది. మేం ఆత్రం పట్టలేక టేపు తీస్తే నాన్న లాక్కున్నాడు. "ఉడుకు మీద కొలిస్తే మురిసిపోతాం. సల్లారనీండి." మధ్యాహ్నం దాకా మమ్మల్ని అక్కడే కూచోబెట్టాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర తిని, చేతులు నాకి, ఆ పలక చుట్టూ పిల్లుల్లా తిరిగాం.

సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక, బడంతా చూస్తుండగా పలకని ఎత్తి గూటికి ఆనించాం. నలుగురం కలిసి తోశాం. ధన్ అని కూచుంది. ప్రిన్సిపాల్ జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి అంచున దూర్చబోయారు. దూరలేదు. రెండో చివర ప్రయత్నించారు, అక్కడా దూరలేదు. మాస్టర్‌జీ గోడకి ఆనుకుని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. షెడ్డు సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

వార్షికోత్సవం నాడు ఫోర్‌మన్ గారు స్వయంగా వచ్చి పలక ముందు వంగి చూశారు. "పాటర్న్ కిస్కా హై?" అన్నారు, నమూనా ఎవరిదని.

"మేరే పితాజీ కా!" అని అరిచాను. స్టేజీ మీద నాటకం వాళ్లు డైలాగు ఆపి చూసేంత గట్టిగా. నాన్న "క్లబ్ కా, క్లబ్ కా" అని సర్దబోయాడు. ఫోర్‌మన్ గారు వినలేదు. మా నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన పక్క కుర్చీలో కూచోబెట్టుకున్నారు. "నా ఫర్నేసులో పోత ముక్క ఏది విరిగినా ముందు మీ షాపుకే కదయ్యా పరుగెత్తేది" అని ఆయన హిందీలో అంటుంటే, వెనక వరసలో అమ్మ చుట్టుపక్కల వాళ్లందరికీ దాన్ని తెలుగులో చెప్తోంది. ఎదిగిన బిడ్డలా నేను గంభీరంగా నిలబడాలనుకున్నాను కానీ, ముఖమంతా నవ్వు పాకేసింది. ఆ తర్వాత డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాను, మెప్పులు పొందాను. ఆ సాయంత్రం పడ్డ గర్వంలో అవి పావు వంతు కూడా కావు.

మొదటి పొట్టి పలకని నాన్న సైకిలు మీద కట్టుకుని ఇంటికి తెచ్చాడు. కుళాయి దగ్గర వేస్తే అమ్మ ఏళ్ల తరబడి దాని మీద బట్టలుతికింది. హార్మోనియం గుర్తున్న చోట కాలర్లు బాగా వదులుతాయనేది. ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరు ఖాళీ చేసినప్పుడు బరువని అక్కడే వదిలేశాం. ఇప్పుడా క్వార్టర్ల వరస లేదు. మా బడిలో పిల్లలు తగ్గి తగ్గి తాళం పడింది. రేకుల షెడ్డు ఎప్పుడు పడిపోయిందో కూడా తెలీదు. మాస్టర్‌జీ లేరు, నాన్న లేడు. పోయినేడు కాపలా భయ్యాని బతిమాలి లోపలికెళ్లి చూశాను. స్టేజీ ముందు పలక తుప్పు పట్టి ఉంది. పర్సులోంచి బస్సు టికెట్టు తీసి అంచున దూర్చి చూశాను. దూరలేదు.

ఇదంతా విన్నాక మా మనవరాలు స్కేలుని మెల్లిగా గుడ్డలో పెట్టింది. మూత మళ్లీ కత్తిరించుకుంది. వెళ్లేముందు నా దగ్గరకొచ్చి నిలబడింది.

"నానీ, దీన్ని మా క్లబ్‌కి తీసుకెళ్లనా? సర్‌కి చూపిస్తా. కానీ ఎవరిది అని అడుగుతారు. మీ నాన్నగారు ఏం పని చేసేవారని చెప్పను?"

కూచుని చెప్పే మాట కాదది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"పాటర్న్ షాపు. చెక్క పని" అన్నాను, ఆ మొదటి శనివారం చెప్పాల్సినంత గట్టిగా.